వారానికొకసారి వేసుకునే ఎముకల మాత్ర: డాక్టరు రాసిన కంపెనీదే కొనాలా, జెనరిక్ అయినా సరేనా?

మీరు అడిగింది ఇది. అమ్మగారికి 67 ఏళ్ళు. మణికట్టు విరిగాక బరంపురంలో ఎముకల డాక్టరు డెక్సా (ఎముక సాంద్రత కొలిచే స్కాన్) తీయించి, వారానికొకటి చొప్పున అలెండ్రోనేట్ 70 మి.గ్రా. రాశారు. చీటీలో ఉన్న కంపెనీ మాత్ర పర్లాకిమిడిలో ఒక నెల దొరికితే ఒక నెల దొరకటం లేదు, పైగా ఖరీదు. జన ఔషధి దుకాణంలో పేరు లేనిది ఇస్తామంటున్నారు, పాతపట్నంలో ఇంకో కంపెనీది ఇస్తామంటున్నారు. మారిస్తే పని చేయదేమో, మళ్ళీ ఎముక విరుగుతుందేమో అని మీ భయం.

మార్చొచ్చు. మందు అదే, మోతాదు అదే అయితే చాలు. డాక్టరుతో ఒక మాట చెప్పి మార్చండి, మార్చాక నెలకో కంపెనీ తిప్పకండి. ఈ మాట మాత్రకు మాత్రమే. ఆరు నెలల ఇంజెక్షను, రోజూ పొడుచుకునే ఇంజెక్షను లెక్క వేరు, అది కింద రాస్తాను.

ముందు మీ ప్రశ్నలోనే ఒక చిన్న సవరణ. మీరు పోలుస్తున్నది అసలు కంపెనీ మందునీ జెనరిక్‌నీ (అదే మందును వేరే కంపెనీలు చేసేది) కాదు. అలెండ్రోనేట్‌ని మొదట ఫోసమాక్స్ పేరుతో అమ్మింది అమెరికాకు చెందిన మెర్క్ కంపెనీ. అక్కడ దానికి 1995లో అనుమతి వచ్చింది, 2008 నుంచి జెనరిక్‌లు వచ్చాయి. మన దేశంలో మందుల మీద ఉత్పత్తి పేటెంట్లు 2005 నుంచే మళ్ళీ మొదలయ్యాయి కాబట్టి ఇంత పాత మందును ఇక్కడి కంపెనీలు ఎప్పటినుంచో సొంతంగా చేసుకుంటున్నాయి. డాక్టరు చీటీలో రాసిన పేరు దాదాపు తప్పకుండా అలాంటిదే, అంటే పేరు పెట్టిన జెనరిక్. జన ఔషధిలోది పేరు పెట్టని జెనరిక్. స్ట్రిప్ వెనక చూడండి, ‘మార్కెటెడ్ బై’ దగ్గర ఒక కంపెనీ, ‘మాన్యుఫాక్చర్డ్ బై’ దగ్గర హిమాచల్‌లోని బద్దీలోనో ఉత్తరాఖండ్‌లోనో ఉన్న ఇంకో ఫ్యాక్టరీ కనబడటం మామూలే. ఒకే ఫ్యాక్టరీ నాలుగు పేర్లకు మాత్రలు కొట్టి ఇస్తుంది. ధరలో తేడా చాలావరకు రెప్రజెంటేటివ్‌ల జీతాలది, శాంపిళ్ళది, దుకాణం మార్జిన్‌ది.

మరి పని చేయటంలో తేడా ఉండదా? ఇక్కడ ఈ మందు స్వభావం తెలియాలి. పరగడుపున, సరిగ్గా వేసుకున్నా అలెండ్రోనేట్ నూటికి ఒక వంతు కూడా ఒంట్లోకి పోదు. సుమారు 0.6 నుంచి 0.7 శాతం. అంటే 70 మి.గ్రా. మాత్రలో అర మిల్లీగ్రాము కూడా రక్తంలో చేరదు, మిగతాదంతా విరేచనంలో పోతుంది. చేరిన ఆ కాస్తా ఎముకను పట్టుకుని ఏళ్ళ తరబడి ఉంటుంది. జెనరిక్ అసలు మందుతో సమానమని తేల్చే బయోఈక్వివలెన్స్ పరీక్షలో, ఒంట్లో చేరిన మందు నిష్పత్తి 80 నుంచి 125 శాతం హద్దుల్లో పడాలి. సగటు ఒక్కటే కాదు, గణాంక పరంగా దాని అటూఇటూ ఉన్న అంచులు కూడా ఆ హద్దులు దాటకూడదు. మాత్రలో 80 శాతమే మందు ఉండొచ్చని దీనర్థం కాదు, చాలామంది అలా అనుకుంటారు. ఇప్పుడు దీని పక్కన ఇంకో లెక్క పెట్టండి: అదే మాత్రను కాఫీతోనో నారింజ రసంతోనో మింగితే చేరే మందులో 60 శాతం దాకా తగ్గిపోతుంది. టిఫిన్‌తో పాటు గానీ, తిన్న రెండు గంటల లోపు గానీ వేసుకుంటే దాదాపు ఏమీ చేరదు. కంపెనీ మారితే వచ్చే తేడా ఎంత, పొద్దున్న టీ గుక్కతో పోయేది ఎంత, మీరే చూడండి. ఖరీదైన మాత్రను టీతో మింగిన ఇంటికంటే చవక మాత్రను మంచినీళ్ళతో మింగిన ఇంట్లో ఎముక బాగుంటుంది.

అందుకని మాత్ర వేసుకునే పద్ధతి కొంచెం వివరంగా రాస్తాను, మన వైపు అలవాట్లు దృష్టిలో పెట్టుకుని.

లేచిన వెంటనే, ఏమీ నోట్లో వేసుకోకముందు వేసుకోవాలి. గుడాకు (పొగాకు ముద్ద) రుద్దే అలవాటుంటే ముందు నోరు బాగా పుక్కిలించాలి. తాంబూలం అసలు వద్దు, అందులో సున్నం అంటే కాల్షియమే, అది ఈ మందును పట్టుకుని లోపలికి పోనివ్వదు. చోడి అంబలి, పాలు, టీ, పఖాళ నీళ్ళు, తరవాణి, ఏదైనా సరే ఆ తర్వాతే. పొద్దున్నే వేసుకునే థైరాయిడ్, గ్యాస్, బీపీ మాత్రలు కూడా కనీసం అరగంట ఆగాక. ఒక పెద్ద గ్లాసు నిండా మామూలు నీళ్ళు, 200 మి.లీ. తగ్గకుండా. ఖనిజాలు ఎక్కువున్న మినరల్ వాటర్ వద్దు. బోరు నీళ్ళు బాగా ఉప్పగా, గిన్నెకు తెల్లగా పొర కట్టేలా ఉంటే ఆ ఒక్క రోజుకు ఫిల్టరు నీళ్ళు వాడండి. మాత్ర నమలకూడదు, చప్పరించకూడదు, పొడి చేయకూడదు.

మింగాక కనీసం అరగంట నడుం వాల్చకూడదు. కూర్చోవచ్చు, నిలబడవచ్చు, అటూఇటూ నడవవచ్చు. కిందికి బాగా వంగే పనులు మానుకుంటే మంచిది. ఆ అరగంటా ఇంకేమీ తినకూడదు. ఈ నియమం మందు పోవటానికి ఒక్కటే కాదు, మాత్ర అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. గుండె మధ్యలో మంట, మింగుతుంటే నొప్పి వస్తే ఆ వారం నుంచే ఆపి డాక్టరును కలవాలి. వెన్ను బాగా వంగిపోయి అరగంట నిటారుగా కూర్చోలేని ముసలివాళ్ళకు, మింగుడు పడటంలో ఇబ్బంది ఉన్నవాళ్ళకు ఏ కంపెనీదైనా ఈ మాత్ర సరిపడదు.

వారంలో ఒక రోజు ఖాయం చేసుకుని క్యాలెండరులో గీత పెట్టండి. గురువారం లక్ష్మీపూజకో శనివారానికో ఉపవాసం ఉండేవాళ్ళు ఆ రోజు పెట్టుకోకపోవటం మేలు. మర్చిపోతే మర్నాడు పొద్దున్న ఒకటి వేసుకుని, మళ్ళీ ముందు ఖాయం చేసుకున్న రోజుకే రావాలి. ఒకే రోజు రెండు ఎప్పుడూ వద్దు.

ఇక మాత్ర నాణ్యత. జెనరిక్ అలెండ్రోనేట్ మీద వచ్చిన ఫిర్యాదుల్లో కొట్టిపారేయలేనిది ఒకటుంది: మాత్ర ఎంత సేపట్లో విచ్చుకుంటుందన్నది. మరీ తొందరగా విచ్చుకునేదైతే నోట్లోనో గొంతులోనో అంటుకుని మంట పెడుతుంది. మరీ ఆలస్యమైతే ఇరుక్కునే అవకాశం ఎక్కువ. 2009లో జర్మనీలో వచ్చిన ఒక అధ్యయనం, పాత రోగుల రికార్డులు తిరగేసి, జెనరిక్ వాడినవాళ్ళలో కడుపు ఇబ్బందులు ఎక్కువనీ ఎముక సాంద్రత పెరుగుదల తక్కువనీ చెప్పింది. జెనరిక్ వద్దనే డాక్టర్లు చాలామంది దీన్నే చూపిస్తారు. కానీ అది చీటీ వేసి రెండు గుంపులుగా పంచి చేసిన ప్రయోగం కాదు, రికార్డుల పరిశీలన మాత్రమే. దాన్నిబట్టి మందు పని చేయదని చెప్పలేం. మంట ఎక్కువైతే మాత్రం కంపెనీ మార్చి చూడటానికి అది తగిన కారణమే. జెనరిక్ నుంచి బ్రాండుకు వెళ్ళినా, ఒక బ్రాండు నుంచి ఇంకో దానికి వెళ్ళినా ఫరవాలేదు.

చెంచాడు నీళ్ళు నోట్లో ఉండగానే మాత్ర పిండిలా అయిపోతోందా అన్నది ఇంట్లో మీరే గమనించొచ్చు. అలా అవుతుంటే ఆ బ్యాచ్ నంబరు రాసుకుని దుకాణంలో తిరిగి ఇవ్వండి. తేమ పట్టినా అలా కావచ్చు. పొయ్యి పైన అల్మరా, రేకుల ఇంట్లో చూరు కింద, కిటికీ దగ్గర మందులు పెట్టకండి.

స్ట్రిప్ మీద ఏం చదవాలి. పేరు కాదు, పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్నది. ‘అలెండ్రోనిక్ యాసిడ్ 70 మి.గ్రా.కు సమానమైన సోడియం అలెండ్రోనేట్’ అన్న అర్థంలో ఉండాలి. ఒక్కోచోట 91.37 మి.గ్రా. అని కూడా కనిపిస్తుంది, కంగారు పడొద్దు, అది నీటితో కలిసిన ఉప్పు రూపం బరువు, అందులో అసలు మందు 70 మి.గ్రా.లే. 35 అని ఉంటే అది సగం మోతాదు, 10 అని ఉంటే రోజూ వేసుకునేది. కొన్ని బ్రాండ్లలో అలెండ్రోనేట్‌తో పాటు విటమిన్ డి3 కూడా కలిపి ఉంటుంది, దాన్నుంచి వట్టి అలెండ్రోనేట్‌కు మారితే ఆ విటమిన్ విడిగా వేసుకోవాలి. దుకాణంలో ‘ఇదీ ఎముకలదేనమ్మా, ఇంకా మంచిది’ అని ఐబాండ్రోనేట్ 150 గానీ రైసెడ్రోనేట్ గానీ చేతిలో పెడితే తీసుకోకండి. అది జెనరిక్ ఇవ్వటం కాదు, మందే మార్చేయటం. ఐబాండ్రోనేట్ నెలకొకసారి, మింగాక గంట సేపు పడుకోకూడదు. తుంటి ఎముక విరగకుండా ఆపుతుందని దానికి అలెండ్రోనేట్‌కు ఉన్నంత రుజువు లేదు.

మార్పిడిలో అసలు ప్రమాదం మందు బలహీనమవటం కాదు, పేర్లు కలగాపులగం కావటం. పాత స్ట్రిప్‌లో రెండు మిగిలి ఉండగా కొత్త పేరుతో నాలుగు వస్తాయి. రెండూ వేరు వేరు మందులనుకుని వారంలో రెండు రోజులు వేసుకుంటారు. ఇంకా ఘోరం, వారానికొకటి వేసుకోవాల్సిన దాన్ని రోజూ వేసేసుకోవటం. స్ట్రిప్ మారిన రోజే పాతది ఇంట్లోంచి తీసేయండి. కొత్త స్ట్రిప్ మీద మార్కరుతో తెలుగులో ‘సోమవారం మాత్రమే’ అని రాయండి. చీటీ మీద ఒడియాలో రాసిన మాటలు అమ్మగారికి చదవరాకపోతే ఇది మరీ అవసరం.

చట్టం మాట కూడా తెలిసి ఉండటం మంచిది. ఇది షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిది. చీటీలో ఒక బ్రాండు పేరుంటే దుకాణదారు తనంత తాను ఇంకొకటి ఇవ్వకూడదని డ్రగ్స్ రూల్స్ అంటాయి, లోపల మందు అదే అయినా సరే. అందుకని ఈసారి వెళ్ళినప్పుడు డాక్టరును ‘మందు పేరే రాయండి సార్, అలెండ్రోనేట్ 70 అని, మాకు ఏది దొరికితే అది తీసుకుంటాం’ అని అడగండి. చాలామంది రాస్తారు. ఆ చీటీ నది దాటి పాతపట్నంలో ఇచ్చినా చెల్లుతుంది. మీ వైపు ప్రభుత్వ ఆసుపత్రిలో నిరామయ (ఒడిశా ప్రభుత్వ ఉచిత మందుల పథకం) కౌంటరులో ఉందేమో ముందు అడగండి, ఉంటే ఉచితమే. జన ఔషధి దుకాణం ఎక్కడుందో, ధరెంతో ‘జన ఔషధి సుగమ్’ యాప్‌లో చూసుకోవచ్చు. ఆ పథకంలో ప్రతి బ్యాచ్‌నీ ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబుల్లో పరీక్షించాకే దుకాణాలకు పంపాలన్నది నిబంధన. నాలుగు మాత్రల స్ట్రిప్ అయితే ఏడాదికి 13 స్ట్రిప్‌లు. మూడు స్ట్రిప్‌లు ఒకేసారి, ఒకే కంపెనీవి, గడువు తేదీ చూసి తీసుకుంటే నెలనెలా వెతుక్కునే బాధ ఉండదు.

ఇప్పుడు కిడ్నీ సంగతి. మీ ప్రశ్నలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) మాటే లేదు. ఏ కంపెనీ అని తేల్చుకునే ముందు అది కావాలి. మీది ఉద్దానం పక్క ప్రాంతం. ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట, కవిటి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు షుగరు, బీపీ లేకుండానే కిడ్నీలు దెబ్బతినటం అందరికీ తెలిసిందే. అమ్మగారి పుట్టిల్లో, మీరు పెరిగిన ఊరో అటువైపు అయితే పరీక్ష చేయించకుండా ఈ మందు మొదలుపెట్టకూడదు. క్రియాటినిన్ క్లియరెన్స్, అంటే కిడ్నీలు ఎంత వేగంగా రక్తాన్ని వడకడుతున్నాయో చెప్పే లెక్క, నిమిషానికి 35 మి.లీ. కంటే తక్కువుంటే అలెండ్రోనేట్ వద్దు.

ల్యాబు రిపోర్టులో ‘నార్మల్’ అని ఉన్నా నమ్మి ఊరుకోకండి. ఆ క్లియరెన్స్ లెక్క ఇలా: 140 లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చించి, 72తో హెచ్చించిన క్రియాటినిన్‌తో భాగించాలి, ఆడవాళ్ళకైతే 0.85తో హెచ్చించాలి. 67 ఏళ్ళు, 45 కిలోలు, క్రియాటినిన్ 1.1 అనుకోండి. 73ను 45తో హెచ్చిస్తే 3285. 72ను 1.1తో హెచ్చిస్తే 79.2. భాగిస్తే సుమారు 41.5, దాన్ని 0.85తో హెచ్చిస్తే 35. అంటే సరిగ్గా గీత మీద. క్రియాటినిన్ 1.2 అయితే 32కు పడిపోతుంది. సన్నగా ఉన్న పెద్దావిడలో 1.1, 1.2 అన్న అంకెలు పైకి మామూలుగానే కనిపిస్తాయి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళ ఎముక నొప్పి, ఎముక విరగటం వేరే జబ్బు వల్ల కూడా కావచ్చు. అది కిడ్నీ డాక్టరు చూడాల్సిన పని.

కాల్షియం, విటమిన్ డి కూడా సరి చేసుకోవాలి, అవి తక్కువుంటే ఈ మందు వేసుకున్నాక రక్తంలో కాల్షియం ఇంకా పడిపోతుంది. వీటిలో బ్రాండు కోసం డబ్బు తగలేయటం దండగ. ‘కాల్షియం కార్బొనేట్ 1250’ అని రాసి ఉన్నా అందులో అసలు కాల్షియం 500 మి.గ్రా.లే, రెండు కంపెనీలు పోల్చేటప్పుడు ఆ అంకె చూడండి. కార్బొనేట్ అయితే మధ్యాహ్న భోజనంతో. విటమిన్ డి 60,000 యూనిట్లది వారానికొకటో నెలకొకటో డాక్టరు చెప్పినట్టు. కాల్సిట్రియోల్ (విటమిన్ డికి చురుకైన రూపం) అన్నది దానికి బదులు కాదు, దుకాణంలో ఒకదాని బదులు ఇంకొకటి ఇస్తే ఒప్పుకోకండి. పాడైన పళ్ళుంటే మాత్ర మొదలుపెట్టకముందే పీకించేసుకోవటం మంచిది, దవడ ఎముక చెడే ప్రమాదం అరుదే గానీ ఉంది, బ్రాండుకైనా జెనరిక్‌కైనా సమానమే. చుట్ట, అడ్డపొగ అలవాటుంటే అది కూడా ఎముకను తింటుంది.

ఇంజెక్షన్లు. ముందు ముందు డాక్టరు వీటికి మార్చొచ్చు కాబట్టి రాస్తున్నాను.

జోలెడ్రోనిక్ యాసిడ్ ఏడాదికొకసారి నరానికి ఎక్కిస్తారు. ఇది నీళ్ళ మందు, నేరుగా రక్తంలోకి పోతుంది కాబట్టి కడుపులో ఇంకటం గొడవ లేదు, జెనరిక్ నిస్సంకోచంగా తీసుకోవచ్చు. ఇక్కడ జరిగే పొరపాటు మోతాదులో. ఎముకల బలహీనతకు 5 మి.గ్రా., 100 మి.లీ. సీసాలో వస్తుంది. 4 మి.గ్రా. వయల్ క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్ళది. చవగ్గా దొరికింది కదా అని అది తెచ్చి పెట్టకండి. 15 నిమిషాలకు తగ్గకుండా ఎక్కించాలి, రింగర్ లాక్టేట్ లాంటి కాల్షియం ఉన్న సెలైన్‌తో కలపకూడదు. దీనికి కూడా కిడ్నీ గీత 35 దగ్గరే. మర్నాడు జ్వరం, ఒళ్ళు నొప్పులు రావచ్చు, పారాసిటమాల్‌తో రెండు మూడు రోజుల్లో పోతాయి.

డినోసుమాబ్ 60 మి.గ్రా. ఆరు నెలలకొకసారి చర్మం కింద ఇస్తారు. ఇది బతికున్న కణాల్లో తయారయ్యే మందు, దీనికి నకలును జెనరిక్ అనరు, బయోసిమిలర్ అంటారు, అనుమతి పద్ధతి కూడా వేరు. డాక్టరు ఒప్పుకుంటే బయోసిమిలర్ వాడొచ్చు, కానీ దుకాణంలో మార్చుకోకండి. దీనిలో కంపెనీకంటే తేదీ ముఖ్యం. చివరి ఇంజెక్షను నుంచి ఏడు నెలలు దాటితే ఎముక అరుగుదల ఒక్కసారిగా పెరిగి వెన్నుపూసలు వరసగా విరగవచ్చు. డబ్బు లేదనో దొరకలేదనో మధ్యలో ఆపేసే అవకాశం ఉంటే దీన్ని మొదలుపెట్టకపోవటమే నయం, డాక్టరుకు ఆ మాట ముందే చెప్పండి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోతుందని 2024లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ పెద్ద హెచ్చరిక కూడా ఇచ్చింది, కాబట్టి ‘కిడ్నీకి ఏమీ చేయదు’ అన్న మాటతో ఆగిపోకండి.

టెరిపారటైడ్ రోజూ 20 మైక్రోగ్రాములు, పెన్నుతో. ఒక పెన్ను తెరిచాక 28 రోజులకు పారేయాలి, మందు మిగిలినా సరే. మొత్తం వాడకం మామూలుగా రెండేళ్ళకు మించదు, అయిపోగానే అలెండ్రోనేట్ లాంటిది మొదలుపెట్టాలి. ఒక కంపెనీ కార్ట్రిడ్జ్ ఇంకో కంపెనీ పెన్నులో పెట్టి తిప్పితే మోతాదు తప్పుతుంది, మారిస్తే రెండూ కలిపి మార్చాలి.

డినోసుమాబ్, టెరిపారటైడ్ రెండింటికీ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి, గడ్డ మాత్రం కట్టకూడదు. బరంపురం నుంచి బస్సులో తెచ్చేటప్పుడు ఐసు ప్యాకుకు నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాలి. ఫ్రిజ్ తలుపు అరలో కాదు, మధ్య అరలో ఉంచాలి. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి, శ్రీకాకుళం వైపు ఊళ్ళలో కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటప్పుడు ఇంట్లోదైనా దుకాణంలోదైనా ఫ్రిజ్‌లో ఉన్న మందును నమ్మి పొడుచుకోకండి, ఎన్ని గంటలు కరెంటు పోయిందో అడిగి తీసుకోండి.

ఆఖరున, మార్చిన మాత్ర పని చేస్తోందా అని తెలుసుకోవటం. నొప్పిని బట్టి చెప్పలేం, ఈ మందు నొప్పి మాత్ర కాదు. ఏడాది, రెండేళ్ళకు మళ్ళీ డెక్సా తీయించాలి, వీలైతే మొదట తీసిన యంత్రం మీదే, లేకపోతే అంకెలు పోల్చటానికి పనికిరావు. ఊళ్ళో క్యాంపు పెట్టి మడమ మీద యంత్రం ఆనించి చెప్పే అంకెను డెక్సాతో పోల్చకండి. అయిదేళ్ళు పూర్తయ్యాక కొన్నాళ్ళు ఆపొచ్చా అని డాక్టరును మీరే అడగండి. ఈలోగా తొడలోనో గజ్జలోనో దెబ్బ తగలకుండానే సన్నని నొప్పి వారాల తరబడి ఉంటే అడక్కుండానే వెళ్ళి ఎక్స్‌రే తీయించండి.